మనమా, మేమా?

పిల్లలూ, ఒక చిన్న పని చేయండి. ఒక కాగితం తీసుకుని, దాని మీద ‘నేను’ అని మొదలుపెట్టి ఇరవై వాక్యాలు రాయండి. ‘నువ్వెవరు?’ అని ఎవరో అడిగినట్టూ, మీరు జవాబు చెబుతున్నట్టూ రాయాలి. తొందర లేదు. పక్కవాడి కాగితంలోకి తొంగిచూడకూడదు, అంతే.

ఇది నేను కల్పించిన ఆట కాదు. 1954లో అమెరికాలో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు పండితులు దీన్ని ఒక పరీక్షగా తయారుచేశారు. పరీక్ష అనగానే భయపడకండి. ఇందులో తప్పేవాడంటూ ఉండడు. మొదటి అయిదారు వాక్యాలు ఎవరికైనా గబగబా వచ్చేస్తాయి. నేను ఫలానా వారి అబ్బాయిని. నేను ఆరో తరగతి చదువుతున్నాను. నేను మా చెల్లికి అన్నను. నేను గుంటూరు వాణ్ణి. నేను తెలుగువాణ్ణి. పది దాటేసరికి కలం నెమ్మదిస్తుంది. పదిహేను దాటాక, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే వాళ్లు కూడా పెన్సిలు కొరుకుతూ కూర్చుంటారు.

రాయడం అయిందా? ఇప్పుడు ఆ వాక్యాలను మళ్లీ చదవండి. వాటిలో పుట్టుకతో వచ్చినవి ఎన్ని? ‘నా కళ్లు నల్లవి’ అన్నది పుట్టుకతో వచ్చిందే, సందేహం లేదు. ‘నాకు ఆవకాయ ఇష్టం’ అన్నది మటుకు పుట్టుకతో వచ్చింది కాదు. మొదటిసారి నాలుక మీద పెట్టినప్పుడు మీరెంత ఏడ్చారో మీ అమ్మగారిని అడగండి, చెబుతారు. మరి ‘నేను అన్నను’ అన్న వాక్యం మాటేమిటి? దీని సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది.

ఇంగ్లీషులో ‘బ్రదర్’ అంటే అన్నా కావచ్చు, తమ్ముడూ కావచ్చు. తెలుగులో అలా తప్పించుకునే వీల్లేదు. ‘సోదరుడు’ అనే మాట ఉంది గాని, అది సంస్కృతం నుంచి వచ్చి ఉపన్యాసాల్లో కాపురం పెట్టింది. ‘మా సోదరుడు అన్నం తింటున్నాడు’ అని ఇంట్లో ఎవరూ అనరు. ఇంట్లో చెల్లాయి పుట్టిన రోజునే మీరు అన్న అయిపోతారు. ఆ మాటతో పాటే, పెద్దవాడివి గనక నువ్వే సర్దుకుపోవాలి అనే శాసనమూ వచ్చి మీద పడుతుంది. అమ్మ తమ్ముడు మేనమామ, నాన్న తమ్ముడు బాబాయి. ఇంగ్లీషులో ఇద్దరూ ‘అంకుల్’ లే. మన ఇళ్లలో మేనమామ చేసే ముద్దు వేరు, బాబాయి చేసే ముద్దు వేరు. పెళ్లి పీటల దగ్గర వాళ్లిద్దరికీ ఉండే పనులు కూడా వేరు. మీకు ఊహ తెలియక ముందే, మీరు ఎవరికి ఏమవుతారో ఈ మాటలు మీకు చెప్పేశాయన్న మాట.

ఇంకో చిత్రం చూడండి. ‘మేము సినిమాకి వెళుతున్నాం’ అని అక్క అంటే మీ ముఖం చిన్నబోతుంది. ‘మనం సినిమాకి వెళుతున్నాం’ అంటే పరుగెత్తుకెళ్లి చొక్కా మార్చుకుంటారు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. హిందీలోనూ ఒకటే. తమిళంలోనూ మలయాళంలోనూ మనలాగే రెండు మాటలున్నాయి. వింటున్న వాణ్ణి లోపలికి రమ్మనేది ‘మనం’, గుమ్మం బయట నిలబెట్టేది ‘మేము’. ఈ రెండు మాటలనూ గుర్తు పెట్టుకోండి. ముందు వీటితో పని ఉంది.

ఇక మాటలు లేని సంగతులు. ఎవరైనా అడిగినదానికి సరే అనాలంటే మనం తలను అటూ ఇటూ కొంచెం వాలుస్తాం. పైదేశాల వాళ్లు దీన్ని చూసి, ఇతను ఔనన్నాడా కాదన్నాడా అని తికమక పడతారు. బల్గేరియా అనే దేశంలో తల కిందికీ పైకీ ఊపితే కాదని అర్థం! మన పెద్దలు లెక్కపెట్టేటప్పుడు బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు తాకుతూ పోతారు. ఒక్క చేతి మీదే పన్నెండు దాకా వస్తుంది. జపానువాళ్లు విప్పిన చేతి వేళ్లను ఒక్కొక్కటే ముడుచుకుంటూ లెక్కపెడతారు. ఇవన్నీ మనకు ఎవరు, ఏ పాఠంలో చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చూసి పట్టుకున్నాం.

సంస్కృతి అనగానే మనకు కూచిపూడి నాట్యం, త్యాగరాజ కీర్తనలు, లేపాక్షి చిత్రాలు గుర్తుకొస్తాయి. అవి సంస్కృతే. కాని కణుపులు లెక్కపెట్టడమూ, మేనమామ ముద్దూ, ఎదురుగా పెద్దవాళ్లు వస్తే కాళ్లు ముడుచుకుని కూర్చోవడమూ కూడా సంస్కృతే. 1871లో ఇంగ్లండులో టైలర్ అనే ఆయన ఒక పెద్ద పుస్తకం రాస్తూ, పాటల దగ్గర్నుంచి చట్టాల దాకా మనిషి తన సమాజంలో ఉండి సంపాదించుకునేదంతా సంస్కృతే అన్నాడు. ఇందులో ‘సంపాదించుకునేది’ అన్న ముక్క బంగారం లాంటిది. అదే పుస్తకంలో ఆయన లోకంలోని జాతులను మెట్లమెట్లుగా నిలబెట్టి, తన వాళ్లను పైమెట్టు మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆ మాటను తరవాతి పండితులు ఒప్పుకోలేదు. మనమూ ఒప్పుకోనక్కర లేదు.

ఈ సంపాదన ఎంత తొందరగా మొదలవుతుందో చెప్పే ఒక ప్రయోగం ఉంది. 1984లో కెనడాలో వెర్కర్, టీస్ అనే శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలను పరీక్షించారు. మాటలు రాని పిల్లలను పరీక్షించడం ఎలాగంటారా? పాపను తల్లి ఒడిలో కూర్చోబెట్టి ఒకే శబ్దాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తారు. శబ్దం మారినప్పుడల్లా పక్కన ఉన్న పెట్టెలో దీపం వెలిగి, బొమ్మ జంతువు ఒకటి ఆడుతుంది. రెండు మూడుసార్లు చూశాక పాపకు కిటుకు తెలిసిపోతుంది; శబ్దం మారిందని తోచగానే పెట్టెవైపు తల తిప్పుతుంది. ఈ ప్రయోగంలో వాళ్లు వినిపించిన శబ్దాలేమిటో తెలుసా? హిందీలో ఉన్న ‘త’, ‘ట’!

ఇంగ్లీషులో ఈ రెంటికీ తేడా లేదు. అక్కడి పెద్దవాళ్లకు మీరు ‘తాత’, ‘టాటా’ అని వినిపిస్తే తేడా పట్టుకోవడానికి నానా అవస్థా పడతారు. కాని ఆ పిల్లల్లో ఆరేడు నెలల వాళ్లు చక్కగా తల తిప్పారు. పది, పన్నెండు నెలల వాళ్లలో చాలామంది తిప్పలేదు. హిందీ ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకు మటుకు ఏడాది నిండినా ఆ తేడా చక్కగా తెలుస్తూనే ఉంది. అంటే ఏమిటి? ఏ దేశంలో పుట్టిన పాపైనా ఏ భాషనైనా నేర్చుకునే చెవులతో పుడుతుంది. మొదటి పుట్టినరోజు వచ్చేలోగా, తన చుట్టూ వినిపించే శబ్దాలకు తగినట్టు ఆ చెవులను దిద్దుకుంటుంది. అడుగులు పడకముందే పాప కొంత తెలుగుపాపో, కొంత ఇంగ్లీషుపాపో అయిపోయిందన్న మాట.

సభల్లో ‘తెలుగు రక్తం’ అని గట్టిగా అంటూ ఉంటారు. చప్పట్లు కొడితే కొట్టండి గాని, రక్తంలో ఎ, బి, ఎబి, ఓ అనే రకాలు ఉన్నాయి తప్ప, తెలుగు రకం, తమిళ రకం లేవు. మీకు అవసరం వచ్చినప్పుడు రకం కలిస్తే చాలు, బల్గేరియావాడి రక్తమైనా నిక్షేపంగా సరిపోతుంది.

సంస్కృతి రక్తంలో లేకుండా, చుట్టూ ఉన్న మనుషుల దగ్గర్నుంచి వచ్చేదైతే, ఒక చిక్కు ప్రశ్న పుడుతుంది. కొందరు మనుషులను వాళ్ల ఊళ్లలోంచి పెళ్లగించి, సముద్రం అవతల వేరే మనుషుల మధ్య పడేస్తే ఏమవుతుంది? వాళ్ల మునిమనవలు ఎవరవుతారు? ఇది ఊహించి చెప్పనక్కర లేదు. మన వాళ్లకే జరిగింది.

విశాఖపట్నానికి నైరుతి దిక్కున, హిందూ మహాసముద్రంలో, సుమారు 5,000 కిలోమీటర్ల దూరాన మారిషస్ అనే దీవి ఉంది. అక్కడ చెరకు తోటలు విస్తారం. ఆ తోటల్లో ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసల చేత పని చేయించేవారు. అప్పుడు దీవిని ఏలుతున్న బ్రిటిషువారు 1835 ఫిబ్రవరి 1న బానిసత్వాన్ని రద్దు చేశారు. మంచిదే. మరి చెరకు నరికేదెవరు? దొరల చూపు భారతదేశం మీద పడింది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తెచ్చి అక్కడ దింపింది. ఆ తరవాత ముప్పాతిక శతాబ్దంలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు అలా వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం, తిండిగింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత!

వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. తొలి రోజుల్లో కొందరు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కారు. ఆ రేవు పేరు పట్టుకుని పైదేశాల్లో తెలుగువాళ్లను ‘కొరింగీలు’ అనేవారు. రేవు 1839 నాటి పెనుతుపానులో దెబ్బతిని క్రమంగా చిన్నబోయింది గాని, ఆ పేరు మటుకు మన వాళ్లను చాలాకాలం అంటిపెట్టుకుని ఉంది. చూశారా, ‘నువ్వెవరు?’ అన్న ప్రశ్నకు ఒక్కొక్కసారి జవాబు మనం చెప్పం, ఎదుటివాడు చెప్పేస్తాడు.

పోర్ట్ లూయీ రేవులో నల్లరాతి మెట్లెక్కి పైకి రాగానే గుమాస్తా ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చేవాడు. ఆ మెట్లున్న చోటును ఇప్పుడు ‘ఆప్రవాసీ ఘాట్’ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. నంబరు తరవాత పేరు. గుమాస్తాకు తెలుగు రాదు, కూలీకి ఇంగ్లీషు రాదు. అప్పన్న అనే మనిషి దిగాడనుకోండి. ఇంటిపేరు, ఊరిపేరు అన్నీ కలిపి చెప్పుకున్నా, గుమాస్తా చెవికి తోచిన నాలుగు అక్షరాలే పుస్తకంలోకి ఎక్కుతాయి. అప్పన్నకు కొడుకు పుట్టి వాడి పేరు రాయించేటప్పుడు, చివర ‘అప్పన్న’ అని చేరుతుంది. మనవడికీ అంతే. ఆ విధంగా, ఓడ దిగిన తాత పేరే వంశానికి ఇంటిపేరు అయిపోయింది. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది, అక్కడ వెనక ఉంటుంది. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్లను చెబుతాయి. వాళ్ల ఇంటిపేరు ఓడ ఎక్కిన మనిషిని చెబుతుంది.

వాళ్లు వెంట తీసుకుపోగలిగినవి ఎన్ని? మూట ఎంత చిన్నదో ఊహించుకోండి. కాని పాటకు బరువు లేదు, దేవుడి పేరుకు బరువు లేదు. సింహాచలం కొండ మీది స్వామి సింహాద్రి అప్పన్నగా వాళ్లతో పాటే వెళ్లాడు. ఈనాటికీ మారిషస్ తెలుగువాళ్లు ఆయనకు పూజ చేస్తారు. అమ్మోరు పండుగ చేస్తారు. దీపం చుట్టూ తిరుగుతూ, అడుగులు వేస్తూ రాత్రంతా రామభజన చేస్తారు. ఉగాది వస్తే ఆ దేశానికంతటికీ సెలవు! మన దేశంలోనే ఎన్నో రాష్ట్రాల్లో ఉగాదికి సెలవు లేదు సుమా.

ఇక్కడే ఒక వింత ఉంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఋతువులు తిరగబడి ఉంటాయని మీ భూగోళంలో చదివారు కదూ? మనకు మార్చి, ఏప్రిల్ నెలల్లో చెట్లు చిగురించి ఉగాది వస్తుంది. మారిషస్‌లో అప్పటికి ఎండలూ వానలూ వెనకబట్టి, చలికాలం ముందుకొస్తూ ఉంటుంది. వసంతం లేని ఉగాది అన్న మాట! అయినా వాళ్లు పండుగను ఆరు నెలలు జరుపుకోలేదు. తాతలు లెక్కపెట్టిన తిథినే లెక్కపెట్టుకున్నారు. పండుగను చెట్టు చిగురు నిర్ణయిస్తుందనుకుంటాం గాని, ఎంతో దూరాన ఉన్న బంధువులతో కలిసి ఒకే రోజున జరుపుకోవాలనే కోరిక దాన్ని ఇంకా గట్టిగా పట్టి ఉంచుతుంది.

సరే, అన్నీ నిలబడ్డాయా? లేదు. ఆ మాట దాచడం నాకిష్టం లేదు. మారిషస్‌లో ఇంట్లో, వీధిలో మాట్లాడే భాష క్రియోల్. ఇది ఫ్రెంచి మాటలు ఆధారంగా బానిసల మధ్య పుట్టిన భాష. తెలుగువాళ్ల ఇళ్లలో కూడా చాలావరకు ఇప్పుడు అదే. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషు, వార్తాపత్రికలు ఎక్కువగా ఫ్రెంచి. తెలుగును ప్రాథమిక పాఠశాలల్లో కోరుకున్న వాళ్లకు నేర్పుతారు, గుడిలో పాడతారు, సభల్లో మాట్లాడతారు. అంటే అక్కడ తెలుగు పిల్లవాడు తాత పాడే పాటను, మనం వేరే పాఠం నేర్చుకున్నట్టే, బల్ల మీద కూర్చుని నేర్చుకోవాలి. కొందరు దీన్ని గొప్ప విజయమనే చెబుతారు. నా మటుకు నాకు అందులో నష్టం కూడా కనిపిస్తుంది. అన్న అనే మాట రాని పిల్లవాడికి అన్న ఉండకపోడు. కాని ఆ మాటతో పాటు వచ్చే బరువూ ముద్దూ వాడికి ఇంకో దారిన రావాలి.

మరి తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన ఆ పిల్లవాడు మన ముందుకు వచ్చి, ‘నేను తెలుగువాణ్ణి’ అంటే ఏమనాలి? ఇప్పుడు తీయండి ఆ రెండు మాటలూ. ‘మేము తెలుగువాళ్లం’ అందామా, ‘మనం తెలుగువాళ్లం’ అందామా? ఇక్కడ మాట్లాడడం వచ్చి, ‘తెలుగు రాదు’ అని గొప్పగా చెప్పుకునే వాళ్లను నేను చూశాను. అక్కడ రానిదాన్ని తరతరాలుగా కూడబలుక్కుని పాడుతున్నారు. నన్నడిగితే ‘మనం’ అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. ఇక్కడి పండితులూ కవులూ విమానమెక్కి, తెలుగు కోసం కోరంగి కూలీల మునిమనవల ఇంటికి అతిథులుగా వెళ్లారు!

అయితే ఆ పిల్లవాడు తెలుగువాడు మాత్రమే కాదు. మారిషస్‌లో బానిసల సంతతి వాళ్లది ‘సెగా’ అనే పాటా, ఆటా ఉంది. దానికి ‘రవాన్’ అనే వాద్యం వాయిస్తారు. గుండ్రని చట్రానికి మేకచర్మం బిగించి ఉంటుంది. వాయించే ముందు మంట దగ్గర కాచి చర్మం బిగువెక్కిస్తారు. మీకేమైనా గుర్తొచ్చిందా? మన డప్పు! దాన్నీ అంతే, మంట వేసి కాచాకనే వాయిస్తారు. ఆ రవాన్ కూడా ఆ పిల్లవాడిదే, రామభజన కూడా వాడిదే. 1968 మార్చి 12న స్వతంత్రం వచ్చిన ఆ దేశపు జెండా వాడిది. ఒక్కడిలో ఇన్ని ఎలా ఇముడుతాయంటారా? మీరు రాసిన ఇరవై వాక్యాలు మీ ఒక్కరిలో ఇమడలేదూ! అన్నకావడం వల్ల కొడుకుతనం తగ్గదు.

మరొక సంగతి కూడా ఉంది. సముద్రం దాటితే కులం పోతుందని ఆ రోజుల్లో నమ్మేవారు. ఓడలో ఒకే పొయ్యి మీద వండిన అన్నం అందరూ తినాలి. ఇక అంటూ సొంటూ ఎక్కడ సాగుతుంది? ఊళ్లో వందల ఏళ్లుగా కదలని రాయి ఓడలో కొన్ని వారాల్లో కదిలింది. అది పూర్తిగా దొర్లిపోయిందని నేను అనను గాని, కదలడం మటుకు మంచికే జరిగింది. తాతలు ఇచ్చినదంతా దాచుకోవలసిందే అంటారు కొందరు పెద్దలు. అలా అయితే కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఏమవుతారు? భర్త పోయిన పసిపిల్లలకు మళ్లీ పెళ్లి చేయకూడదని ఆచారం చెబితే, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా ఆయన మీద విరుచుకుపడింది. ఆయన తెలుగువాడు కాకుండా పోయారా? ఆయన పేరు చెప్పకుండా తెలుగు చరిత్రే చెప్పలేం!

ఇప్పుడు మారిషస్‌లో మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ సంస్థ ఉంది. ఓడల్లో వచ్చిన కూలీల దస్తరాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. తమ తాత ముత్తాతలు ఎవరో తెలుసుకోవాలనుకునే వాళ్లు అక్కడికి వెళ్లి అడుగుతారు. ఏ నంబరైతే మనిషి పేరును వెనక్కి నెట్టిందో, ఇప్పుడు ఆ నంబరే దారి చూపిస్తుంది. ఆ వరసలో తాత పేరు, వయసు, ఒంటి మీది మచ్చ, జిల్లా, ఊరు ఉంటాయి. 1860ల తరవాత వచ్చిన వాళ్లకైతే ఫోటో కూడా దొరకవచ్చు. ఊరి పేరు మటుకు, గుమాస్తా చెవికి వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాలతో ఉంటుంది. ‘త’ కూ ‘ట’ కూ అక్కడ ఒకే అక్షరం. కళ్లతో చదివితే అలాంటి ఊరు పటంలో ఎక్కడా ఉండదు. పైకి చదవాలి. నాలుక పళ్లకు తగిలించి ఒకసారి, మడిచి ఒకసారి, సాగదీసి ఒకసారి, రకరకాలుగా పలికి చూడాలి. పక్కన తెలుగు చెవి ఉన్నవాళ్లు ఎవరైనా కూర్చుని వింటూ ఉండాలి. ఎప్పుడో ఒకసారి, ‘ఆగండాగండి, ఆ ఊరు నాకు తెలుసు!’ అంటారు.